మూడక్షరాల అర్థం ఎవరికి తెలుసు?

మన ఎముక మూలుగలో ప్రతి సెకనుకూ ఇరవై లక్షలకు పైగా ఎర్ర రక్తకణాలు పుడుతుంటాయి. పుట్టి ఎదిగే క్రమంలో వాటిలో ప్రతి ఒక్కటీ ఒక విచిత్రమైన పని చేస్తుంది. తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. దాంతోపాటే అందులోని డీఎన్ఏ అంతా పోతుంది. ఇక ఆ కణం విభజన చెందలేదు, కొత్తగా ఏ జన్యువునూ సంప్రదించలేదు. అయినా మరో రెండు రోజుల పాటు హిమోగ్లోబిన్ తయారుచేస్తూనే ఉంటుంది. ఈ దశలో ఉన్న కణం పేరు రెటిక్యులోసైట్. రక్తపరీక్ష రిపోర్టులో ‘రెటిక్ కౌంట్’ అని రాసి ఉండేది వీటి లెక్కే.

ఆ కణంలో జరిగే పని చిన్నది కాదు. పూర్తిగా ఎదిగిన ఒక్క ఎర్రకణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు ఉంటాయి. ఒక్కో అణువులో నాలుగు గొలుసులు: 141 అమైనో ఆమ్లాల ఆల్ఫా గొలుసులు రెండు, 146 అమైనో ఆమ్లాల బీటా గొలుసులు రెండు. అంటే ఒక్క హిమోగ్లోబిన్ తయారవ్వాలంటే 574 అమైనో ఆమ్లాలు ఒకదాని తర్వాత ఒకటి, ఏది ఎక్కడ ఉండాలో అక్కడే కుదురుకోవాలి. డీఎన్ఏ లేని కణం ఇంత పని ఎలా చేస్తోంది?

కేంద్రకం పోకముందే అవసరమైన జన్యువులకు నకళ్లు తీసిపెట్టుకుంది కాబట్టి. బీటా గొలుసు జన్యువు మన పదకొండో క్రోమోజోమ్ మీద ఉంటుంది. దాని అక్షరక్రమాన్ని ఒక ఎంజైమ్ ఆర్ఎన్ఏ రూపంలో ఎత్తి రాస్తుంది. అలా రాసినదాంట్లో మధ్యలో రెండు చోట్ల అక్కరలేని భాగాలుంటాయి. వాటిని కత్తిరించేసి, మిగిలిన మూడు ముక్కలనూ అతికిస్తే మెసెంజర్ ఆర్ఎన్ఏ సిద్ధం. అది కేంద్రకం దాటి బయటికి వస్తుంది. డీఎన్ఏలో టి ఉన్న చోట ఆర్ఎన్ఏలో యూ ఉంటుంది. మిగతా మూడక్షరాలు ఏ, జి, సి రెండింటిలోనూ అవే.

బీటా గొలుసు సందేశం మొదలును ఒకసారి దగ్గరగా చూద్దాం. ఏయూజి, జియూజి, సిఏయూ, సియూజి, ఏసియూ, సిసియూ, జిఏజి, జిఏజి... ఇలా మూడేసి అక్షరాలుగా సాగుతుంది. మొదటి ఏయూజి అంటే ‘ఇక్కడ మొదలుపెట్టు’ అని, మెతియోనిన్ అని కూడా. ఈ మెతియోనిన్‌ను తర్వాత కణం తీసేస్తుంది కాబట్టి లెక్కలోకి రాదు. ఆపై వరసగా వాలిన్, హిస్టిడిన్, లూసిన్, త్రియోనిన్, ప్రోలిన్, గ్లుటామిక్ ఆమ్లం, మళ్లీ గ్లుటామిక్ ఆమ్లం. 146 అమైనో ఆమ్లాలకు 438 అక్షరాలు. చివర యూఏఏ వస్తే ఆగిపోవాలి.

జిఏజి అంటే గ్లుటామిక్ ఆమ్లం అని ఈ రోజు ఇంటర్మీడియట్ పిల్లలు కూడా పట్టిక చూసి చెప్పేస్తారు. ఆ పట్టిక తయారీకి 1961 మే నెలలో అమెరికాలోని బెథెస్డాలో అంకురం పడింది. మార్షల్ నైరెన్‌బర్గ్, హైన్రిక్ మత్తయ్ అనే ఇద్దరు అన్నీ యూలే ఉన్న కృత్రిమ ఆర్ఎన్ఏను బాక్టీరియా కణాల రసంలో వేశారు. ఫినైల్ అలనిన్ ఒక్కటే గొలుసుగా అల్లుకుంది. ఆ తర్వాత పంజాబులో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న రాయపూర్ అనే పల్లెలో పుట్టిన హరగోవింద్ ఖొరానా కోరిన క్రమంలో ఆర్ఎన్ఏలు కూర్చి మిగిలిన చిక్కుముళ్లు విప్పాడు. 1966 నాటికి 64 త్రయాల లెక్కా తేలిపోయింది. 61 త్రయాలు అమైనో ఆమ్లాలకు, మూడు ఆపడానికి. 1968లో నైరెన్‌బర్గ్, ఖొరానా, రాబర్ట్ హోలీలకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కథ చాలామంది చెప్పారు కనుక ఇంతటితో వదిలేస్తాను.

నన్ను ఎప్పుడూ నిలబెట్టేసే ప్రశ్న వేరే ఉంది. పట్టిక మన పుస్తకంలో ఉంది సరే, కణంలో ఎక్కడుంది? జిఏజి అనే మూడక్షరాలకూ, గ్లుటామిక్ ఆమ్లానికీ రసాయనికంగా ఏ చుట్టరికమూ లేదు. ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి గుర్తుపట్టవు. మరి ఇది దీనికి, అది దానికి అని కణంలో ఎవరికి తెలుసు?

ఈ ప్రశ్నను అందరికంటే ముందు సూటిగా పట్టుకున్నవాడు ఫ్రాన్సిస్ క్రిక్. డీఎన్ఏలోనే అమైనో ఆమ్లాలు ఒదిగే గుంటలుంటాయని జార్జ్ గామోవ్ అప్పటికే ఒక ఊహ చేసి ఉన్నాడు. అది కుదరదని క్రిక్ 1955లో తన మిత్రబృందం ‘ఆర్ఎన్ఏ టై క్లబ్’కు పంపిన ఒక పత్రంలో వాదించాడు. అది ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు. చేతులు మారుతూ చదువుకున్నారంతే. అక్షరాలకూ అమైనో ఆమ్లానికీ మధ్య ఒక మధ్యవర్తి అణువు ఉండి తీరాలనీ, దానికి ఒకవైపు అక్షరాలను పట్టుకునే భాగం, మరోవైపు అమైనో ఆమ్లాన్ని మోసే భాగం ఉండాలనీ, ఏ మధ్యవర్తికి ఏ అమైనో ఆమ్లాన్ని తగిలించాలో చూసే ప్రత్యేకమైన ఎంజైములు ఉండాలనీ అందులో రాశాడు. ఒక్క ప్రయోగం కూడా చేయకుండా, ఉండక తప్పదు గనుక ఉంటుంది అని తేల్చి చెప్పిన ఆ పత్రం జీవశాస్త్రంలో నాకు అత్యంత ఇష్టమైన రాతల్లో ఒకటి.

కొద్ది కాలానికే బోస్టన్‌లో మాలన్ హోగ్లండ్, పాల్ జామెక్నిక్ ఆ మధ్యవర్తిని పట్టుకున్నారు. అదే ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏ. డెబ్బై ఆరు అక్షరాల అటూ ఇటూ ఉండే చిన్న ఆర్ఎన్ఏ, మడతపడి ఎల్ ఆకారంలో ఉంటుంది. ఒక కొసన మెసెంజర్ ఆర్ఎన్ఏలోని త్రయానికి జత కలిసే మూడక్షరాలు. రెండో కొసన అమైనో ఆమ్లం. రెండు కొసల మధ్య దూరం దాదాపు ఏడున్నర నానోమీటర్లు. అణువుల లోకంలో అది చాలా దూరం. త్రయాన్ని చదివే కొసకు, అటు కొసన ఏ అమైనో ఆమ్లం వేలాడుతోందో తెలిసే వీలే లేదు.

అయితే రైబోజోమ్‌కు తెలుస్తుందా? ప్రొటీన్ గొలుసును అల్లే యంత్రం అదే కదా, తప్పుడు సరుకు వస్తే వెనక్కి పంపుతుందా? ఈ అనుమానం తీర్చడానికి 1962లో ఫ్రాంసువా షాప్విల్, ఫ్రిట్జ్ లిప్‌మన్, సీమోర్ బెంజర్, వారి సహచరులు చేసిన ప్రయోగం తీరు చూడండి.

సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలో గంధకం ఉంటుంది. ఆ గంధకాన్ని తీసేసి, ఆ చోట ఒక హైడ్రోజన్ పెడితే మిగిలేది అలనిన్. ముందుగా వాళ్లు రేడియోధార్మిక కార్బన్ ఉన్న సిస్టీన్‌ను దాని సొంత ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏకు మామూలుగానే ఎక్కించారు. అలా ఎక్కిన తర్వాత రేనీ నికెల్ అనే లోహపు పొడితో గంధకాన్ని లాగేశారు. ఇప్పుడు సిస్టీన్ మధ్యవర్తి మీద అలనిన్ కూర్చుని ఉంది. దీన్ని యూ, జి అక్షరాలు మాత్రమే ఉన్న కృత్రిమ ఆర్ఎన్ఏతో కలిపి బాక్టీరియా రసంలో వేశారు. యూ, జిలతో సిస్టీన్ త్రయం యూజియూ ఏర్పడుతుంది గానీ అలనిన్ త్రయం ఒక్కటీ ఏర్పడదు. రైబోజోమ్ వచ్చింది సిస్టీన్ కాదని గమనిస్తే గొలుసులో అలనిన్ కనపడకూడదు. కనపడింది. సిస్టీన్ ఉండాల్సిన చోట్ల అలనిన్ నిక్షేపంగా చేరిపోయింది. మరుసటి ఏడాది ఇదే సరుకును కుందేలు రెటిక్యులోసైట్ల రసంలో వేసి చూశారు. హిమోగ్లోబిన్ గొలుసులోనూ సిస్టీన్ చోట అలనిన్ వచ్చి కూర్చుంది.

అంటే రైబోజోమ్ చూసేది త్రయాలు జత కలిశాయా లేదా అన్నది మాత్రమే. మోసుకొచ్చిన సరుకేమిటో దానికి పట్టదు. కణంలో ఆ పట్టిక తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే, ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏకు అమైనో ఆమ్లాన్ని తగిలించే ఎంజైములే. వీటినే అమైనోఏసైల్ టీ-ఆర్ఎన్ఏ సింథటేజ్‌లు అంటారు. నేను సింథటేజ్‌లు అని పొట్టిగా పిలుస్తాను. పాఠ్యపుస్తకాల్లో వీటికి ఒక వాక్యం మించి దక్కదు. డీఎన్ఏ మెలికల బొమ్మకు పేజీలకు పేజీలు ఇచ్చి, జన్యుసంకేతానికి అర్థం కట్టే అణువులను పక్కకు నెట్టేయడం వల్ల పిల్లలకు అసలు కీలకమే చేతికందకుండా పోతోంది.

సాధారణంగా ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో సింథటేజ్ ఉంటుంది. మన కణద్రవంలో ఒక చిన్న సవరణ: గ్లుటామిక్ ఆమ్లానికి, ప్రోలిన్‌కు పనిచేసే రెండు ఎంజైములూ అతుక్కుపోయి ఒకే పెద్ద ప్రొటీన్‌గా ఉంటాయి. బీటా గొలుసులో పక్కపక్కనే వచ్చే అయిదో ప్రోలిన్‌నూ, ఆరో గ్లుటామిక్ ఆమ్లాన్నీ వాటి వాటి మధ్యవర్తుల మీదికి ఎక్కించేది ఆ ఒక్క అణువే.

ఎక్కించడం రెండు అంచెల్లో జరుగుతుంది. ముందు సింథటేజ్ ఏటీపీ అనే అణువును విరిచి, ఆ శక్తితో అమైనో ఆమ్లాన్ని చురుకుగా చేస్తుంది. తర్వాత దాన్ని ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏ తోకకు కట్టేస్తుంది. ఆ బంధంలో దాచిన శక్తే తర్వాత రైబోజోమ్‌లో గొలుసు ముడిపడడానికి పనికొస్తుంది. ఈ ఏటీపీని కండరాల్లో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1929లో హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన దాన్ని వేరుచేశారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు. ఒక్క బీటా గొలుసుకు కావలసిన అమైనో ఆమ్లాలను ఎక్కించడానికే దాదాపు నూట యాభై ఏటీపీలు ఖర్చవుతాయి.

శక్తి సంగతి అలా ఉంచితే, గుర్తుపట్టడమే అసలు కష్టం. ఐసోలూసిన్, వాలిన్ అనే రెండు అమైనో ఆమ్లాలు చూడండి. ఐసోలూసిన్‌లో ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు ఎక్కువ, అంతే తేడా. పెద్దదాని కోసం మలిచిన గుంటలో చిన్నది కూడా దూరిపోతుంది. అంత కొద్ది తేడాతో ఎంజైమ్ మహా అయితే అయిదింట ఒక తప్పుతో గుర్తుపట్టగలదని లైనస్ పాలింగ్ 1950ల చివర్లో లెక్క వేశాడు. అదే నిజమైతే ఏ ప్రొటీన్ కూడా తిన్నగా తయారవ్వదు. రాబర్ట్ లోఫ్ట్‌ఫీల్డ్ 1960ల్లో నిజమైన ప్రొటీన్లలో కొలిచి చూస్తే, ఐసోలూసిన్ చోట వాలిన్ పడడం సుమారు మూడు వేలకు ఒకసారి మాత్రమే. పాలింగ్ లెక్క తప్పు కాదు. ఎంజైమ్ ఒక్కసారి చూసి ఊరుకోదన్న సంగతి ఆ లెక్కలో లేదు.

ఎంజైమ్‌లో రెండు గుంటలు ఉన్నాయి. ఆలన్ ఫెర్ష్ట్ దీనికి రెండు జల్లెడల పద్ధతి అని పేరు పెట్టాడు. ధాన్యం జల్లించేవాళ్లకు ఇది కొత్త కాదు. మొదటి జల్లెడ కన్నాలు ఐసోలూసిన్‌కు సరిపడా ఉంటాయి. అంతకంటే పెద్దవన్నీ పైనే ఆగిపోతాయి. ఐసోలూసిన్ దిగుతుంది, దానితోపాటు కొంత వాలిన్ కూడా దిగుతుంది. రెండో జల్లెడ కన్నాలు ఇంకా చిన్నవి. ఐసోలూసిన్ అందులో పట్టదు, వాలిన్ పడుతుంది. అలా పడిన వాలిన్‌ను ఎంజైమ్ అక్కడికక్కడే నీటితో తెగ్గొట్టి వదిలేస్తుంది. పెద్దవి మొదట్లో పోయాయి, చిన్నది రెండోసారి పోయింది, మిగిలింది ఐసోలూసిన్. తప్పు చేసినందుకు ఒక ఏటీపీ వృథా అవుతుంది. ఆ ఖర్చు కణం భరిస్తుంది.

భరించకపోతే ఏమవుతుందో 2006లో ఒక ఎలుకజాతి చూపించింది. బొచ్చు అట్టకట్టినట్టు ఉంటుందని ఆ జాతిని ‘స్టికీ’ అని పిలుస్తారు. అలనిన్ సింథటేజ్ అప్పుడప్పుడు అలనిన్‌కు బదులు సెరిన్‌ను ఎక్కించి, మళ్లీ దిద్దుకుంటూ ఉంటుంది. ఈ ఎలుకల్లో ఆ ఎంజైమ్‌లోని ఒక్క అమైనో ఆమ్లం మారి, దిద్దే శక్తి కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గిందంతే. ఆ కొద్దిపాటి తగ్గుదలకే చిన్నమెదడులోని పర్కింజీ కణాల్లో సరిగా మడతపడని ప్రొటీన్లు పేరుకుపోయాయి. కణాలు చనిపోయాయి. ఎలుకలు తూలిపోవడం మొదలుపెట్టాయి. విభజన చెందే కణాలు చెత్తను పంచుకుని పలచబరుచుకోగలవు. జీవితాంతం అలాగే ఉండిపోయే నాడీకణాలకు ఆ అవకాశం లేదు.

దిద్దే పని సింథటేజ్‌లతోనే అయిపోదు. గ్లైసిన్ తప్ప మిగతా అమైనో ఆమ్లాలన్నీ అద్దంలో బొమ్మల్లా రెండు రూపాల్లో ఉంటాయి, ఎల్ రూపం, డి రూపం. ప్రొటీన్ల తయారీకి వాడేది ఎల్ రూపాన్నే. డి రూపం కణంలో లేదా అంటే ఉంది, బాక్టీరియా గోడల్లో డి-అలనిన్ మామూలే. పొరపాటున ఒక డి అమైనో ఆమ్లం ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏ మీదికి ఎక్కితే దాన్ని దించేయడానికి డీటీడీ అనే వేరే ఎంజైమ్ ఉంది. ఎల్‌ను ముట్టకుండా డిని మాత్రమే అది ఎలా ఎంచుకుంటుంది? హైదరాబాదులో ఉప్పల్ రోడ్డు మీది సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన రాజన్ శంకరనారాయణన్ బృందం 2013లో దీనికి జవాబు చెప్పింది. డీటీడీ జంటగా పనిచేస్తుంది. జంటలో ఒకటి తన గ్లైసిన్-ప్రోలిన్ భాగాన్ని రెండోదాని గుంటలోకి చాచి ఉంచుతుంది. ఆ అడ్డు వల్ల ఎల్ రూపానికి లోపల చోటు దొరకదు. డి రూపాన్ని ప్రత్యేకంగా ఆహ్వానించడం ఏమీ లేదు, ఎల్‌ను రానివ్వకపోవడమే దాని పద్ధతి. ప్రొటీన్ల తయారీలో తప్పులు పడకుండా చూసే ఏర్పాట్ల మీద చేసిన పరిశోధనకే శంకరనారాయణన్‌కు 2020లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. ప్రాణికోటి అంతటికీ పునాది వంటి ఒక ప్రశ్నకు మన ఉప్పల్ రోడ్డులో జవాబు దొరికిందని మన పాఠశాలల్లో ఎంతమందికి చెబుతున్నాం?

ఇంత వడపోత అయ్యాక సరుకు రైబోజోమ్‌కు చేరుతుంది. చిన్న భాగం త్రయాల జతను సరిచూస్తుంది. మొదటి రెండక్షరాల విషయంలో గట్టిగా ఉంటుంది, మూడోదాంట్లో కాస్త పట్టు సడలిస్తుంది. పెద్ద భాగం గొలుసుకు కొత్త అమైనో ఆమ్లాన్ని ముడివేస్తుంది. ఆ ముడిపడే చోట ప్రొటీన్ లేదు, ఆర్ఎన్ఏనే ఉంది. 2000లో రైబోజోమ్ నిర్మాణాలు బయటపడినప్పుడు తేలిన గొప్ప సంగతి అది. అందుకు చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, ఆడా యోనత్ 2009లో నోబెల్ అందుకున్నారు. మన కణాల్లో సెకనుకు అయిదారు అమైనో ఆమ్లాల చొప్పున గొలుసు పెరుగుతుంది. రెటిక్యులోసైట్‌లో ఒకే మెసెంజర్ ఆర్ఎన్ఏ మీద అయిదేసి రైబోజోములు ఒకదాని వెనక ఒకటి నడుస్తూ కనిపిస్తాయి.

బాక్టీరియాను చంపే మందుల్లో చాలా భాగం దెబ్బ కొట్టేది ఇక్కడే. లెడర్లీ పరిశోధనశాలకు సుబ్బారావు నాయకత్వం వహిస్తున్న రోజుల్లో బెంజమిన్ దుగ్గర్ మట్టిలోంచి తీసిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. అది 1948లో లోకానికి తెలిసింది. ఈ మందులు బాక్టీరియా రైబోజోమ్ చిన్న భాగంలో, ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏ వచ్చి నిలబడాల్సిన చోట అడ్డంగా కూర్చుంటాయి. సింథటేజ్‌ను కొట్టే మందు కూడా మన మందుల షాపుల్లో ఉంది. చర్మం మీద చీముపొక్కులకు డాక్టర్లు రాసే ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ బాక్టీరియా ఐసోలూసిన్ సింథటేజ్‌ను పట్టి ఆపేస్తుంది. మన కణాల్లో అదే పని చేసే ఎంజైమ్ ఆకారం కొంత వేరు కావడం వల్ల మనకు హాని ఉండదు.

ఇన్ని కాపలాలున్నా ఒక రకం తప్పును కణం పట్టుకోలేదు. బీటా గొలుసు సందేశంలో ఆరో అమైనో ఆమ్లానికి జిఏజి ఉందని చూశాం. కొందరిలో ఆ చోట జియూజి ఉంటుంది. జియూజి అంటే వాలిన్. సింథటేజ్ వాలిన్‌ను దాని సరైన మధ్యవర్తికే ఎక్కించింది. త్రయాలు సరిగ్గా జతపడ్డాయి. రైబోజోమ్ రాసి ఉన్నది రాసి ఉన్నట్టే అల్లింది. ఎవరి పనిలోనూ లోపం లేదు. మూల ప్రతిలోనే ఒక అక్షరం మారింది. నీటిని ఇష్టపడే గ్లుటామిక్ ఆమ్లం చోట నీటికి దూరంగా జరిగే వాలిన్ రావడంతో, ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకుని పొడవాటి పోగులవుతాయి. ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని భరించలేని నొప్పి తెస్తుంది. ఇది అణువు జబ్బు అని 1949లో చెప్పింది పాలింగే. తేడా ఒక్క అమైనో ఆమ్లంలోనే ఉందని కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇన్‌గ్రామ్ 1957 నాటికి నిరూపించాడు.

రెండు రకాల తప్పులకూ తేడా గమనించండి. సింథటేజ్ పొరబడితే ఒక్క గొలుసు చెడుతుంది, పక్క గొలుసు బాగానే ఉంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఈ మారిన అక్షరమే వస్తే ఆ మనిషిలో పుట్టే ప్రతి బీటా గొలుసూ అలాగే పుడుతుంది, పుట్టినప్పటి నుంచి చివరిదాకా. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు ఏజెన్సీల్లో ఈ జబ్బుతో బతుకుతున్న కుటుంబాలు ఉన్నాయి. ఒక్కరి నుంచి మాత్రమే ఆ అక్షరం వచ్చినవాళ్లకు సాధారణంగా జబ్బు ఉండదు, తమలో అది ఉందని కూడా తెలియదు. కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో గిరిజన ప్రాంతాల్లో ఊరూరా రక్తపరీక్షలు చేయాలన్నది అందుకే. ఆ పరీక్ష పల్లె చివరి ఇంటిదాకా చేరడం నా దృష్టిలో ఏ నోబెల్ బహుమతికీ తీసిపోని పని.

ఇక సింథటేజ్‌ల చేతిలోనే అర్థం ఉందన్న మాటకు వద్దాం. అది నిజమైతే వాటినీ, వాటి మధ్యవర్తులనూ మారిస్తే సంకేతం అర్థం మారిపోవాలి. ప్రకృతిలో మారింది కూడా. నోటిపూతకు కారణమయ్యే కాండిడా అల్బికన్స్ అనే శిలీంధ్రంలో సియూజి అంటే చాలావరకు సెరిన్. మనలో అదే త్రయం లూసిన్. దాని ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏ మారడం వల్ల ఇలా జరిగింది. 2001లో అమెరికాలో పీటర్ షుల్ట్జ్ బృందం దీన్ని కావాలని చేసి చూపించింది. సముద్రపు అడుగున వేడి నీటి ఊటల్లో బతికే ఒక సూక్ష్మజీవి నుంచి టైరోసిన్ సింథటేజ్‌నూ, దాని ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏనూ తెచ్చారు. ప్రకృతి ప్రొటీన్లలో వాడని ఒక అమైనో ఆమ్లాన్ని పట్టుకునేలా ఆ ఎంజైమ్ గుంటను మార్చారు. ఆగమని చెప్పే యూఏజి త్రయాన్ని ఆ జంటకు కేటాయించి, మామూలు బాక్టీరియాలో పెట్టారు. యూఏజి వచ్చిన చోట బాక్టీరియా ఆగలేదు. ఆ కొత్త అమైనో ఆమ్లాన్ని గొలుసులో చేర్చి ముందుకు సాగింది. ఆ తర్వాత ఇదే దారిలో వందకు పైగా కొత్త అమైనో ఆమ్లాలను ప్రొటీన్లలోకి తెచ్చారు. మొదటి ప్రయోగంలో రైబోజోమ్‌ను ముట్టుకోవలసిన అవసరమే రాలేదు.